యలమంద రక్తం

మామిడి పూత మీద తేనెమంచు పురుగు దిగిన ఎనభై ఆరు మాఘంలో, నూజివీడు పక్కన మా పేటకి విజయవాడ నుంచి డాక్టర్ సత్యవతి గారు వచ్చారు. తోటల్లో మందు కొట్టేవాళ్ళ రక్తం తీయడం ఆవిడ పని. పేర్లు రాసిన సీసాలు ఒక్కొక్కటే అందించడం నా పని.

రక్తకణాల మీద ఒక ప్రొటీన్ ఉంటుందని ఆవిడ చెప్పారు. నరం కండకి పంపిన కబురుని పని అయిపోగానే తుడిచేసేది అలాంటిదేనట.

"పురుగుమందు పట్టుకునేది పురుగులో ఉన్న ఆ ప్రొటీన్‌నే. మీలోనూ అదే ఉంది. అది తగ్గితే కళ్ళు అదురుతాయి, నోట్లో నీళ్ళూరతాయి, చివరికి ఊపిరి ఆగుతుంది. ఆ పట్టు విడిపించే సూది ఉంది కానీ, ఆలస్యమైతే అదీ పనిచెయ్యదు. ఇంకా మంచి మందు కోసం వెతుకుతున్నారు."

అంతకుముందు కార్తీకంలో, మందు పని మొదలుకాక ముందే, ఆవిడ వచ్చి అందరి రక్తం ఒకసారి తీసి వెళ్ళారు. ఇప్పటిది దానితో పోల్చి, బాగా తగ్గినవాళ్ళని తోటలోకి పంపకూడదని షావుకారు ప్రభాకరరావు గారిని ఒప్పించారు.

మా మరిది యలమంద మందు ముఠాకి మేస్త్రి. రెండేళ్ళ క్రితం నా భర్త మల్లయ్య మందు కొడుతూ నురగలు కక్కి చనిపోతే, "మా అన్న కల్లు తాగి పడ్డాడండి" అని షావుకారు పక్కన నిలబడి చెప్పింది వీడే. ఆ తర్వాతే మేస్త్రి అయ్యాడు. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు.

యలమంద పేరున్న సీసా అందించాను. ముందుకు చాచిన చెయ్యి మాత్రం చిన్నయ్యది. ఆ ఏడే ముఠాలో చేరినవాడు, ఇంకా మందు ముట్టలేదు. వెనక నుంచి యలమంద నాకేసి గుడ్లురిమాడు. వాడి కంటి రెప్ప అదురుతోంది. నేను ఊరుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. అయినా సూది దిగేదాకా ఊరుకున్నాను.

"డాక్టరమ్మ గారూ, ఈయన యలమంద కాదండి."

"మొగుణ్ణి మింగింది చాలక నా పొట్ట కొడతావా వదినా!" అని అరిచాడు యలమంద.

"నాలుగక్షరాలు వచ్చేసరికి పేట పెత్తనమంతా ఈవిడకే కావాలి," అంది వాడి పెళ్ళాం నాగమణి.

"రక్తం ఇవ్వకపోతే మందు పనిలోంచి నీ పేరు కొట్టేయిస్తాను," అన్నారు డాక్టరు గారు. యలమంద వచ్చి కూర్చున్నాడు.

నాలుగు రోజులకి కాగితం వచ్చింది. యలమంద రక్తంలో ఆ ప్రొటీన్ కార్తీకంలో ఉన్నదాంట్లో మూడో వంతు కూడా లేదు. అయినా మర్నాడు పొద్దున వాడు రెడ్డిగూడెం తోటకి వెళ్ళే ట్రాక్టర్ ఎక్కనే ఎక్కాడు.

"దిగరా," అన్నారు ప్రభాకరరావు గారు.

"నాకేం కాలేదండి, చూడండి, దుక్కలా ఉన్నాను."

"నీకేమైతే నాకేంటి? కాగితం వచ్చాక చస్తే పోలీసులు నా గుమ్మంలోకొస్తారు. దిగు. శ్రీరాములూ, ఇవాళ్టి నుంచి మేస్త్రివి నువ్వే."

ట్రాక్టర్ వెళ్ళిపోయింది. యలమంద మట్టిపెడ్డ తీసి నా మీదకి విసిరాడు. అది సగం దూరం కూడా రాలేదు.

"అన్న చచ్చిన కసి నా మీద తీర్చుకున్నావు!"

"కసే అయితే నోరు మూసుకుని నీ చావు చూసేదాన్ని," అన్నాను.

ఇంకో పెడ్డ కోసం వంగాడు. వంగినవాడు లేవలేక అరుగు పట్టుకుని కూలబడ్డాడు. నాగమణి వచ్చి రెక్క పట్టుకుని లేపింది. ఇద్దరూ నావైపు చూడకుండా లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.