నెమలిగుట్ట మీద లాంతరు

సాయంత్రం షిఫ్టు దిగి లారీలన్నీ వెళ్ళిపోయాక నెమలిగుట్ట వచ్చి తన చోట తాను కూర్చునేది. ఇనుప ఖనిజం కోసం మూడేళ్ళు తవ్వి, ఆ గుట్టనంతా లారీలకెత్తి ఓడరేవులకు పంపేశారు. పగలు అక్కడ ఎర్రటి గొయ్యి తప్ప ఏమీ ఉండదు. అయినా మేతకు పోయిన బర్రె కొట్టానికి వచ్చినట్టు చీకటి పడితే వచ్చేది, కోడి కూస్తే పోయేది. వాన రాత్రుల్లో మాత్రం రాదు. డ్రైవర్లు ఎనిమిది దాటితే చుట్టుదారి పట్టేవారు. అంతకుమించి దాని ఊసు ఎవరికీ పట్టలేదు. దుమ్ముకు దగ్గడానికే ఊరికి తీరిక చాలేది కాదు.

కంపెనీ వాచ్‌మన్ సైలస్‌కు యాభై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళు ఇంకా ముందే ముసలివయ్యాయి. యజమాని చిన్న విమానం రాత్రిళ్ళు వచ్చి గుట్ట అవతల దిగేది. గుట్ట వచ్చిన రాత్రల్లా సైలస్ పైకెక్కి లాంతరు కట్టాలి. లాంతరు కనిపిస్తే పైలట్ చుట్టూ తిరిగి వస్తాడు. కనిపించకపోతే ఆ రాత్రి గుట్ట రాలేదని తిన్నగా దిగుతాడు. ఆ లాంతరు కౌల్ బజార్ చర్చిది. కరెంటు వచ్చాక మూలన పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాడు.

పైలట్ సిద్ధేశ్ ముఖం సైలస్ ఎన్నడూ చూడలేదు. విమానం వస్తున్నప్పుడు లాంతరు రెండుసార్లు ఎత్తేవాడు, విమానం దీపం రెండుసార్లు ఆరి వెలిగేది. ఇద్దరి పరిచయం అంతే. అది చూశాకే సైలస్‌కు ఇంట్లో ముద్ద దిగేది.

ఒకరోజు మేనేజరు వెంకట్రావు పిలిపించాడు. చెడ్డవాడేం కాదు, కాగితాలతో విసిగిపోయినవాడు.

"గుట్ట ఐపోయిందని పైకి రాసి పంపినాం సైలసప్పా. లేని గుట్ట మీద దీపమేందని అడిగితే ఏం చెప్పేది? ఈ పొద్దు నించి కట్టొద్దు."

నిజం చెప్పాలంటే, గుట్ట ఎక్కే బాధ తప్పిందని సైలస్ సంతోషించాడు. పైలట్‌కు చెప్పే ఉంటారులే అనుకున్నాడు. ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలేం రాలిపోవు. అడగలేదు. పెద్దల పని పెద్దలు చూసుకుంటారని ముప్పై ఏళ్ళుగా అలవాటైపోయింది. వెంకట్రావు కూడా, ఆ సంగతి పైలట్‌కు ఎవరో చెప్పే ఉంటారనుకున్నాడు.

మూడో రాత్రి భార్య కృపమణి మోకాళ్ళకు నూనె రాస్తుంటే విమానం మోత వినిపించింది. మలుపు తిరిగే చోట మోత మారాలి. మారలేదు. తిన్నగానే వచ్చింది. సైలస్ లాంతరు అందుకుని గడప దాటేలోపే గుట్ట మీద ఫెళ్ళుమంది.

విమానంలో సిద్ధేశ్ ఒక్కడే ఉన్నాడు. సైలస్ చేరేసరికి ప్రాణం లేదు. తెల్లారితే గుట్ట, దాని మీదున్నదంతా తీసుకుని పోతుంది. అందుకే ఆ ముసలి మోకాళ్ళతోనే శవాన్ని వీపున వేసుకుని దిగాడు. వాళ్ళిద్దరూ అంత దగ్గరగా ఉండడం అదే మొదలు. కిందికి చేరాక కోడి కూసింది. గుట్ట విమానంతో సహా వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏ రాత్రీ రాలేదు.

పదోరోజు విచారణకు అధికారి వచ్చాడు. గొయ్యి అంచున షామియానా వేసి బల్ల వేశారు. అప్పటికే కాగితం తయారు: చదును నేల, అడ్డేమీ లేదు, పైలట్ తాగి నడిపాడు. సిద్ధేశ్ భార్య మంజుశ్రీ ఒక పక్కన కూర్చుని ఉంది. ఆమె ఒక్కటే మాట అంది.

"మా ఆయన చుక్క ముట్టడు సార్. గుట్ట మీద దీపం తాత ఉండాడని మా పాపకు రోజూ చెప్తాండె."

సైలస్ ఆ కాగితం మీద సాక్షి సంతకం పెట్టాలి. పెడితే ఉద్యోగం, క్వార్టరు నిలుస్తాయి. గుట్ట ఉందంటే రెండూ పోతాయి, పైగా దీపం కట్టని తప్పు తన నెత్తిన పడుతుంది. ముందు రాత్రే కృపమణి, మోక ఊళ్ళో తమ్ముడింట్లో ఒక గది ఖాళీగా ఉందని మాత్రం అంది.

అతను పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"గుట్ట ఉండాది సార్. దీపం కట్టాల్సింది నేను. కట్టలా."

"యాడుండాదప్పా?" అని అధికారి గొయ్యి వైపు చూశాడు. పట్టపగలు, మబ్బు తునక కూడా లేదు. సైలస్‌కు చూపడానికేమీ లేదు. సిగ్గుతో, అలసటతో తల దించుకున్నాడు.

బల్ల మీద కాగితం నల్లబడింది. షామియానా మీద, బల్ల మీద, వెంకట్రావు తెల్లచొక్కా మీద నీడ పడింది. నెమలిగుట్ట పన్నెండు గంటల ఎండలో, కాస్త ఆయాసపడుతున్నట్టు, వచ్చి తన చోట కూర్చుంది. శిఖరం దగ్గర విమానం తోక మెరుస్తోంది.

అధికారి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. 'తాగి' అన్న మాట కొట్టేశాడు. తర్వాత గుట్ట పేరు అడిగి రాసుకున్నాడు.

మంజుశ్రీ లేచి, చెప్పులు విడిచి, గుట్ట వైపు నడిచింది. దారి ఆమెకు తెలియదు. సైలస్ వెంట తెచ్చుకున్న లాంతరు వెలిగించుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ, ఆమె ముందు ఎక్కసాగాడు.