గోడ మీద మూడు దెబ్బలు

శనివారం లోగా నిప్పు కక్కించి చూపించకపోతే రాగి గొట్టం కరిగించేస్తామని దళపతి సోమవారం నాడు చెప్పి వెళ్ళాడు. ఈస్టరు కాగానే యుద్ధం. సైన్యానికి వంట కాగులు కావాలి, రాగి చాలడం లేదు.

"ముప్పై ఏళ్ళు దాచావు కదా తాతా, దాంతో ఏం సాధించావు? కోళ్ళు వెచ్చగా పొదిగాయి, అంతేగా!" అన్నాడు. గొట్టం కోళ్ళగూటి కింద దొరికింది మరి.

తాత పేరు బర్దాస్. ఆ గొట్టం అతని చేతి పని. నోరు తెరిచిన సింహంలా ఉంటుంది. ఓడ ముందు భాగాన బిగించి వెనక నుంచి పిడి తోస్తే ఆ నోట్లోంచి నిప్పు ఉరికేది. నీళ్ళ మీద పడ్డా ఆరేది కాదు. పడమటి నుంచి దండెత్తి వచ్చిన ఫ్రాంకులు కాన్‌స్టాంటినోపుల్‌ని దోచుకున్న ఏడు జనమంతా దేవుడి పటాలు మోసుకుని ఇక్కడికి, నికేయాకి పారిపోయి వస్తుంటే, అతను దీన్ని గోనెలో చుట్టి గాడిద మీద తెచ్చాడు. దారిలో భార్య పోయింది. గొట్టం మిగిలింది.

నిప్పు పుట్టించే మందు మాత్రం లేదు. అదెలా చేస్తారో అతనికి తెలీదు. కాన్‌స్టాంటినోపుల్ ఆయుధశాల రివాజే అంత. రాగి పనివాళ్ళు ఒక గదిలో, మందు కాచేవాళ్ళు పక్క గదిలో. మధ్య గోడ. గోడకి కన్నం, కన్నంలో గిర్రున తిరిగే చెక్క పీపా. అటు కుండ పెట్టి తిప్పితే ఇటు వచ్చేది. పలకరించుకుంటే నాలుక తెగ్గోసేవారు. కుండ సిద్ధమైతే గోడ మీద రెండు దెబ్బలు, అంతే. పద్దెనిమిదేళ్ళు విన్నాడు ఆ రెండు దెబ్బల్ని. కొట్టే చెయ్యి ఎవరిదో చూడలేదు.

ఒకే ఒక్కసారి మూడు దెబ్బలు పడ్డాయి. రివాజులో మూడు లేవు. కుండ కోసం చూశాడు, రాలేదు. తిరిగి కొడితే ఏమవుతుందోనని ఊరుకున్నాడు.

ఇప్పుడు ఆ చేతిని వెతకడానికి బయల్దేరాడు. మందు కాచినవాళ్ళు బతికుంటే ఏదో ఒకటి కాచుకునే బతుకుతారని, ఊరి పక్క సరస్సు గట్టున పడవలకి పూసే గుగ్గిలం కాచే ప్రతి పొయ్యి దగ్గరా ఆగి అడిగాడు.

"ఆ మందు దేవదూత చెప్పాడట కదా తాతా. ఆయన్నే అడగరాదూ!" అని నవ్వారు.

గురువారం ఒక పల్లె చివర ఒక ముసలామె కాగు కలుపుతోంది. కలపడం అయ్యాక గరిటె ఎత్తి అంచు మీద కొట్టింది. రెండు దెబ్బలు.

బర్దాస్ ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఏమయ్యా, కళ్ళు తిరిగాయా? ఉపవాసాలు నీ వయసుకి కావు. రొట్టెముక్క తిను."

"ఇంకోసారి కొట్టమ్మా."

ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. అతని చేతులకేసి చూసింది. వేళ్ళ సందుల్లో రాగి పచ్చ ఇంకా పోలేదు.

"మీరు... గోడవతల ఆయనా!"

ఆమె పేరు అంతూసా. తండ్రి చేతులు కాలిపోయాక మగబట్టలు కట్టుకుని తనే కాచేదట.

"అయితే మందు నీకు తెలుసు," అన్నాడు. "శనివారం లోగా కావాలి."

"నాకా? నాకొచ్చేవి మైనం ముద్ర వేసిన జాడీలు. కాచి మీకు తిప్పేదాన్ని. అసలు మందు ఆఖర్న మీరు కలుపుతారనేవాడు నాన్న."

"నేను గొట్టంలో పోసేవాణ్ణి. మందు మీరు కలుపుతారనుకున్నాను."

"నేనూ ఇన్నేళ్ళూ మీరే వస్తారని..." ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు ఉండలేదు.

"జాడీలు ఎవరిచ్చేవారు?"

"అటుపక్క ఇంకో గోడ. ఇంకో పీపా."

"దానవతల?"

"ఎవరికి తెలుసు!"

గుగ్గిలం మాడు వాసన వేసింది. ఇద్దరిలో ఎవరూ కాగు దించలేదు. అతనే అన్నాడు.

"ఒకసారి మూడు కొట్టావు."

"నాన్న పోయాడు ఆ రోజు. ఇంకెవరికి చెప్పను? గోడకి ఇవతల నేనొక్కదాన్నే." కాగుకేసే చూస్తూ అంది. "మీరు పలకలేదు."

"రివాజు," అన్నాడు బర్దాస్.

"అవును. రివాజు."

శనివారం దళపతి మనుషులు గొట్టాన్ని బండికెత్తారు. సింహం దవడ ఒకటి బండి చక్రానికి తగిలి ఖంగున మోగింది. బర్దాస్ అడ్డం పడలేదు. బండి కనుమరుగయ్యాక చేతికర్ర తీసుకుని సరస్సు దారి పట్టాడు.

అంతూసా గుడిసె తలుపు వేసి ఉంది. లోపల దగ్గు వినిపిస్తోంది. ఏమని పిలవాలో తోచలేదు. తలుపు మీద మూడు దెబ్బలు కొట్టాడు.

దగ్గు ఆగింది. కాసేపటికి, తలుపుకి అవతల నుంచి, మూడు దెబ్బలు.

అతను గడప మీద కూర్చుని తలుపుకి వీపు ఆనించాడు.