మూచ్చుపిడిప్పు

పక్కకు తిరిగి పడుకున్న మనిషి ఛాతీకి ప్రోబ్ ఆనించి, నివేద అలవాటుగా తమిళంలో అంది: "మూచ్చు పిడింగో." ఊపిరి కదిలితే తెర మీద గుండె బొమ్మ చెదురుతుంది.

ఆర్.కె.పేట నుంచి తిరువళ్లూరు స్కాన్ సెంటరుకు వచ్చిన నేతగాడు దేవరాజులు వెంటనే భార్య వైపు తల తిప్పాడు.

"ఇన్యావా వళ్ళీ? మూచ్చుపిడిప్పంట! నేను పొద్దన్నించీ చెప్తానే ఉండా."

పక్కటెముకల్లో పట్టేసే నొప్పికి ఆ ఊళ్లలో అదే పేరు. నూనె రాసి రుద్దితే పోతుంది. నివేద ఊపిరి బిగబట్టమంటే ఆయనకు రోగం పేరు వినిపించింది. సరిదిద్దబోయి ఆగింది. గుండె ముడుచుకున్నప్పుడు గోడంతా లోపలికి రావాలి. ముందువైపు ఒక ముక్క రావడం లేదు; నెత్తురు అందకపోతే అలా ఆగుతుంది.

బొమ్మను ఆపి గోడ లోపలి అంచు వెంట గీత గీసింది, గుండె విచ్చుకున్నప్పుడొకటి, ముడుచుకున్నప్పుడొకటి. అంతటా రెండు గీతల మధ్య ఎడం ఉంది. ఆ ముక్క దగ్గర మాత్రం కాస్తే ఉంది.

ఆ కాస్త నిజంగా ఉందా, తను ఉంచిందా? పోయిన నెల ఇలాగే పిలిస్తే డాక్టరు నవ్వాడు, నీ కంటికి అన్నీ ఆగిపోయిన గోడలేనా అని. అప్పటినుంచీ ఆ నవ్వు ఆమె వేళ్లలో కూర్చుని గీతను క్షేమమైన వైపుకు నెడుతోంది. నివేద రెండు గీతలూ చెరిపేసింది. అంచు కనబడిన చోటే మళ్లీ గీసింది. ఈసారి అక్కడ ఎడం లేదు.

ఫోన్ తీసింది. "సార్, మీరు రావాలి. ఇప్పుడే."

వెనక్కి తిరిగేసరికి దేవరాజులు చొక్కా తొడుక్కుంటున్నాడు.

నివేద చెయ్యి అడ్డం పెట్టింది.

"బస్సు పోతాదమ్మా. మా సెల్లమ్మక్క ఆముదం రుద్దితే సరిపోతాది. నువ్వే చెప్పినావు గదా!"

"నేను ఊపిరి బిగబట్టమన్నా. జబ్బు పేరు చెప్పలా."

"ఓహో, తెలుగు బిడ్డవా! ఆ ముక్క ముందే అనుంటే ఏం పోయె?"

తెల్లకోటు వేసుకోగానే ఇంటి భాషను గుమ్మం బయట వదిలేస్తున్నానని ఇన్నాళ్లూ నివేదకే తెలియదు. తెరను వాళ్ల వైపు తిప్పింది.

"ఇదంతా లోపలికొస్తా ఉంది, చూడండి. ఇది రాలే. డాక్టరు చూసేదాకా మిమ్మల్ని పంపను."

"ఒక మూల పనికి ఎగనామం పెట్టిందా? నా మాదిరే."

వళ్ళియమ్మ నవ్వలేదు. వంగి ఆయన చెప్పులు తీసి తన సంచిలో వేసుకుంది. "ఇప్పుడు పో, చూస్తా."

మెట్ల మీద డాక్టరు అడుగులు వినిపించాయి. దేవరాజులు చొక్కా విప్పి మళ్లీ పడుకున్నాడు. నివేద ప్రోబ్ ఆనించింది.

"ఊపిరి బిగబట్టండయ్యా."

డాక్టరు తెర మీదికి వంగాడు. నవ్వలేదు. "ఆంబులెన్స్ పిలువు. చెన్నైకి," అన్నాడు మెల్లగా.

నివేద అప్పటికే నంబరు నొక్కుతోంది. మంచం మీంచి బిగిసిన గొంతొకటి అడిగింది:

"ఇంక వదలొచ్చామ్మా?"