లాస్య కూర్చోదు

నాలుగేళ్ల లాస్య దొడ్డికి పోవడం మానేసింది. వచ్చినప్పుడల్లా కాళ్లు పెనవేసుకుని, తలుపు పట్టుకుని బిగబట్టుకుంటుంది. తల్లి ప్రసూనతో అత్తగారు ఆముదం పట్టమంది, మొగుడు నాలుగు తగిలించమన్నాడు. ప్రొద్దుటూరు డాక్టరు మాత్రం సిరప్ రాసి, "బిగబడితే గట్టిపడి నొప్పి, ఆ నొప్పికి జడిసి మళ్లీ బిగబట్టడం. మొదట దేనికి జడుసుకుందో కనుక్కోమ్మా," అన్నాడు.

ప్రసూనను ఆ ప్రశ్న వదల్లేదు. వేసవిలో చిలమకూరు దగ్గర అవ్వ ఇంట్లో ఉండి వచ్చినప్పటి నుంచే ఇదంతా. పాపను వెంటబెట్టుకుని అక్కడికే పోయింది.

"ఈడ ఏం జరిగింది మా?" అని తల్లి యశోదమ్మను నిలదీసింది.

శనక్కాయలు ఒలుస్తూ యశోదమ్మ, "ఏం జరుగుతాది? ఒకరోజు బాత్రూంలో కూసోనింది, ఉన్నట్టుండి లేసి ఏడ్సుకుంటా ఉరికొచ్చింది. అంతే," అంది.

అంతలో ఊరవతల రాళ్ల గనిలో మందు పేలింది. నేల అదిరింది, గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. రోజూ వినే చప్పుడే కాబట్టి యశోదమ్మ తలైనా ఎత్తలేదు.

లాస్య మాత్రం రెండు చేతులతో పిర్రలు అదుముకుని, తల్లి ముఖంలోకి బెదురుగా చూసింది.

"నేను కాదు మా! ఈసారి నేను కూసోనే లేదు."