చీలిక పెట్టిన కాగితం

నా అక్షరాలు వంకర, తప్పులు బోలెడు. ఈ కాస్త రాయడానికి చలికాలమంతా పట్టింది. చదివేవారు ఓర్చుకోవాలి.

ఆ రోజు తొమ్మిదో ప్రతి కుట్టేసరికి హెస్టర్ వేళ్లు కొయ్యముక్కల్లా బిగుసుకుపోయాయి. లండన్‌లో గిడియన్ బైండింగు దుకాణంలో, కిటికీ పక్క బల్ల దగ్గర, ముప్పై ఏళ్లుగా అదే పని. అచ్చు కాగితాలు మడవడం, అడుగునున్న గుర్తులు చూసి పేర్చడం, కుట్టడం. ఆ గుర్తులను ఆమె బొమ్మల్లా పోల్చుకునేది, చదవడం రాదు. కాగితం అడుగున కత్తెర చీలిక ఉంటే, దాన్ని కోసి తీసేయమని అచ్చువాళ్ల ఆనవాలు. చీలిక కనబడితే చాలు, ఆమె చెయ్యి దానంతట అదే కదిలేది.

తత్వవేత్త థోర్న్‌బరీ మొదటి పుస్తకం, కన్ను ఎలా చూస్తుందో చెప్పే చిన్నది, ఆమె కొత్త పెళ్లికూతురుగా ఉండగా కుట్టింది. దేహం గురించి రాసిన రెండోదాన్ని నడివీధిలో తగలబెడితే, ఆ మసి వచ్చి ఆమె ఆరేసిన బట్టల మీద పడింది. ఇప్పుడు కుడుతున్నది మూడోది. ఇందులో ఒక కాగితం తీసేస్తేనే అమ్మనిస్తామన్నారు అధికారులు. ఆయన రాతప్రతిని కూడా పట్టుకుపోయి కాల్చేశారు.

ముందురోజు ఆ ముసలి తత్వవేత్త కర్ర పట్టుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మా హెస్టర్, ఒక్క పుస్తకంలో ఆ కాగితం ఉంచు. గిడియన్‌కు చెప్పకు. మనిషి మనసులోకి రాజాజ్ఞ ఎందుకు దూరలేదో అందులోనే చెప్పాను. మళ్లీ రాసే ఓపిక లేదు నాకు."

"ఉంచుతానయ్యా. ఆఖరి పుస్తకం మీది."

ఇప్పుడు ఆ ఒక్కటే మిగిలింది.

"ఏమ్మా, పుస్తకం కుడుతున్నావా, బొంత కుడుతున్నావా?" గిడియన్ లోపల్నుంచి అరిచాడు. "అధికారి మనుషులు వచ్చే వేళయింది!"

"నువ్వరిస్తే సూదిలో దారం ఎక్కుతుందా? వచ్చి ఎక్కించు!"

తొందరగా కట్ట దగ్గరకు లాక్కుంది. చీలిక కనబడింది. కత్తెర కదిలింది. కాగితం వంకరగా తెగి బుట్టలో పడింది. గిడియన్ వచ్చి బుట్టను జిగురు కాచే పొయ్యిలో గుమ్మరించి వెళ్లాడు.

తర్వాతి కట్ట కోసం చెయ్యి చాపింది. బల్ల ఖాళీ.

హెస్టర్ పొయ్యిలో చెయ్యి పెట్టింది. పిడికిట్లోకి మసి తప్ప ఏమీ రాలేదు.

సాయంత్రం, కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని, పుస్తకం తీసుకుని ఆయన ఇంటికి వెళ్లింది. ఆయన మంచం దిగే స్థితిలో లేడు. చూపు ఆనడం లేదు. పుటలు తడుముతూ పోయి, తెగిన అంచు దగ్గర వేలు ఆపాడు.

"నా చెయ్యే కోసిందయ్యా," అంది హెస్టర్. "అలవాటు."

"అలవాటా?" ఆయన పెదవులు కాస్త వంగాయి. "దాని మీద ఒక అధ్యాయం రాయాల్సింది."

కాసేపటికి ఆయన ఆయాసం ఆగిపోయింది. వేలు అక్కడే ఉంది. దీపం పెట్టడానికి వచ్చిన వంటమనిషి ఆ వేలిని ముట్టుకుని, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈ పుస్తకం ఇక్కడుంటే నా మెడకు చుట్టుకుంటుంది. నువ్వే తీసుకుపో తల్లీ," అంది ఏడుస్తూ.

అరవై దాటాక హెస్టర్ చదువు నేర్చుకుంది. ఆ పుస్తకమంతా చదివింది. ఆ ఒక్క చోట మాత్రం చిటికెనవేలంత వెడల్పున వంకర అంచు మిగిలి ఉంది; దాని మీద వరసకు రెండేసి అక్షరాలు, ఒక్క మాటా పూర్తి కాకుండా.

— హెస్టర్ క్రేన్, డెబ్బై ఒక్క ఏళ్లు, ఇప్పుడు కోల్‌చెస్టర్‌లో ఉంటున్నాను.