జంట పుస్తకం

దర్జీ కొట్లో కాజాలు కుట్టే అమ్మాయిని అందరూ కాజాలమ్మ అనేవాళ్ళు. ఇరవయ్యారేళ్ళ మనిషి. నాలుగో తరగతి చదివే కూతురు, చంకలో పిల్లాడు. తను ఏడో తరగతి మధ్యలో బడి మానేసింది. అందుకే కూతురు తుమ్మినా, పాఠం పోతుందేమోనని ఆమె గుండె గుబేలుమనేది.

ఆ ఏడాది భయం ఇంకా ఎక్కువైంది. లెక్కల్లో మొదట వచ్చిన ఒక్క పిల్లనే తీసుకుంటామని పెద్దబడి వాళ్ళు కబురు పెట్టారు.

కూతురి తరగతిలో పంతులమ్మది ఒక పద్ధతి. లెక్కలకి ఇద్దరు పిల్లలకి ఒకటే పుస్తకం. ఒక లైను ఒకరు రాస్తే తర్వాతి లైను రెండోవాళ్ళు రాయాలి. రానివాళ్ళకి వచ్చినవాళ్ళు చెప్పాలే తప్ప, వాళ్ళ లైను తాము రాసేయకూడదు. కాజాలమ్మ కూతురికి జంటగా వచ్చిన పిల్లని తరగతంతా నిదానం అని పిలిచేది. పెన్సిలు చెక్కడానికే ఆ పిల్లకి అరపూట పట్టేదట.

ఒక సాయంత్రం కాజాలమ్మ ఆ పుస్తకం తిరగేసింది. సగం లైన్లు ముత్యాల్లా ఉన్నాయి, సగం చెరిపి చెరిపి కాగితం చిరిగేట్టున్నాయి.

"ఎదురింటి పిల్ల ఇరవై లెక్కలు చేసిందట. నువ్వు ఎనిమిదేనా?"

"దానికి తీసివేతలు రాలేదమ్మా. బొత్తాలు పెట్టి చూపించా. ఇవాళ వచ్చేసింది."

"ఏ బొత్తాలే? నా డబ్బాలోవేనా?"

"పదేసి చొప్పున దారానికి గుచ్చా. మళ్ళీ తెచ్చిపెట్టేశాలే."

"నువ్వు చదువుకోడానికి వెళ్తున్నావా, దానికి చదువు చెప్పడానికి వెళ్తున్నావా?"

 కూతురు గొంతు తగ్గించి చెప్పింది. "ఈ పరీక్ష తప్పితే వాళ్ళ నాన్న దాన్ని బడి మాన్పించేస్తాడటమ్మా. వాళ్ళత్తకి కవలలు పుట్టారు. ఎత్తుకోడానికి మనిషి కావాలట."

కాజాలమ్మ పుస్తకం మూసింది. తమ్ముణ్ణి ఎత్తుకోడానికే కదా తననీ మాన్పించారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"ఎవరిల్లు వాళ్ళు చూసుకుంటారు. మనకెందుకే," అంది.

మర్నాడు పిల్లాణ్ణి చంకనేసుకుని బడికి వెళ్ళింది.

"నా కూతుర్ని విడిగా కూచోపెట్టండి టీచర్. మీ కాళ్ళు పట్టుకుంటా."

"అవతలి పిల్లకి చెప్తూ చెప్తూ నీ పిల్లే గట్టిపడుతోందమ్మా. పరీక్షకి మూడు వారాలే ఉన్నాయి. ఇప్పుడు విడదీస్తే ఆ పిల్ల ఒంటరిదైపోతుంది, మిగతా అందరికీ జంటలున్నాయి."

"నాకు ఇంకో మాట తెలీదు టీచర్. సీటు ఒక్కటే ఉంది."

పంతులమ్మ ఆమె మొహం చూసి ఇంక వాదించలేదు. కూతురు కిటికీ పక్కకి మారింది. నిదానం పుస్తకంలో అన్ని లైన్లూ నిదానమే రాసుకుంది.

పరీక్షలో కూతురికి యాభైకి నలభైతొమ్మిది వచ్చాయి. కాగితం తెచ్చి అమ్మ ముందు పెట్టి, వెళ్ళి మంచినీళ్ళు తాగింది.

"మొదటొచ్చావా? సీటు నీకేనా?"

"నాకే. దానికి పదిహేను. పాసవ్వడానికి మూడు తక్కువయ్యాయి." గ్లాసు బోర్లించింది. "అది ఏడవనైనా ఏడవలేదమ్మా. నీకెంత అని అడిగి, మంచిదేలే అంది. రేపు మధ్యాహ్నం వాళ్ళత్త ఊరికి వెళ్ళిపోతుందట."

మర్నాడు కొట్లో కాజాలమ్మ కుట్టిన కాజాలు వంకరపోయాయి.

"ఏం తల్లీ," అన్నాడు దర్జీ చొక్కా ఎత్తి చూపిస్తూ, "ఈ కాజాలకి బొత్తాలు పెడితే తొడుక్కున్నాయన ఒక భుజం ఎగరేసుకుని నడవాలి. పెళ్ళిచూపులకి కుట్టించుకుంటున్నాడు పాపం."

పక్క మిషను ఆమె కిసుక్కున నవ్వింది. కాజాలమ్మ నవ్వలేదు. ఇప్పుడే వస్తానని చెప్పి, పిల్లాణ్ణి పక్క మిషనామె ఒళ్ళో పెట్టి బయటపడింది.

నిదానం వాళ్ళమ్మ హాస్టల్లో వంట చేస్తుంది. కాజాలమ్మ వెళ్ళేసరికి ఇంటి గుమ్మంలో కూచుని కూతురి గౌన్లు సంచిలో సర్దుతోంది. నిదానం పక్కనే చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంది.

"పంపకక్కా," అంది కాజాలమ్మ. "ఇంకొక్కసారి చూడు. నా పిల్ల పెద్దబడికి వెళ్ళేదాకా మళ్ళీ పక్కనే కూచోపెట్టమని నేనే చెప్తా. సాయంత్రాలు మా ఇంటికి పంపు, నా కూతురు చెప్తుంది."

"మాటైపోయింది. వాళ్ళ బాబాయి బస్సు చూడ్డానికి వెళ్ళాడు." వంటామె తలెత్తలేదు. "విడదీయమన్నది నువ్వేనట కదా. తిట్టట్లేదులే. నీ పిల్ల నీకు. నా పిల్లకే ఎవరూ లేకపోయారు."

 తిట్టినా బాగుండేదనిపించింది కాజాలమ్మకి.

నిదానం ఆమె కొంగు పట్టుకుంది. "పిన్నీ, ఎనిమిదో ఎక్కం దాకా వచ్చు నాకు. తొమ్మిదోది చెప్తానంది, ఈలోగా దాన్ని కిటికీ దగ్గరికి పంపేశారు. నీకు వచ్చా?"

"వచ్చు," అంది కాజాలమ్మ. అక్కడే మెట్టు మీద కూలబడింది. "తొమ్మిదొకట్ల తొమ్మిది. అను."

ఆ పిల్ల అంది. ఒక్కో మాటా నమిలి నమిలి అంది. తప్పు పోతే మళ్ళీ మొదటికొచ్చింది. కాజాలమ్మ తొందరపెట్టలేదు. తొమ్మిదారులు యాభైనాలుగు అనేసరికి బాబాయి సందు చివర నుంచి కేకేశాడు, బస్సొచ్చిందని. నిదానం సంచి భుజాన వేసుకుంది. వెనక్కి తిరిగి చూడలేదు. పెదాలు కదుపుకుంటూ పోయింది, మర్చిపోతానేమోనన్నట్టు.

సాయంత్రం కూతురు బడి నుంచి రాగానే అడిగింది, "వెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోయింది. తొమ్మిదో ఎక్కం చెప్పమంది. చెప్పాను."

"మొత్తం?"

"ఆరు దాకా."

"మిగతాది దానికెవరు చెప్తారమ్మా?"

కాజాలమ్మ పిల్లాణ్ణి దించి, కూతుర్ని దగ్గరికి తీసుకోబోయింది. కూతురు కొంచెం పక్కకి జరిగి, పుస్తకాల సంచి విప్పుకుంది.