తొక్కు టెండరు

మూడు జిల్లాల హాస్టళ్లకు మామిడికాయ పచ్చడి సరఫరా చేసే టెండరులో స్వరూప వేసిన ధరే అందరికంటే తక్కువ. అయినా పని జనగామ కాంట్రాక్టరు యుగేందర్‌కు పోయింది. స్వరూప శాంపిల్ సీసా ఇవ్వలేదని టెండరు పిలిచిన ఆఫీసు రాసింది. ఇచ్చానంటూ ఆమె టెండర్ల అప్పీలు బోర్డుకు వెళ్లింది.

చిట్యాలలో స్వరూప నడిపే మహిళా సంఘం ఆ టెండరును నమ్ముకొని కాయలు కొని, కొట్టి, జాడీలకెత్తింది. ఆ ఎండాకాలం సంఘంలో ఎవరూ కూలికి పోలేదు. పని రాకపోతే ఆ తొక్కును ఊరూరా తిప్పి అమ్ముకోవాలి.

విచారణ మహబూబాబాద్‌లో, ఆ ఆఫీసులోనే. స్వరూప వెంట లచ్చమ్మ వచ్చింది. సంఘంలో తొక్కు కలిపేది ఆమే. సంచిలో ఒక సీసా పెట్టుకుంది. అందులో వెల్లుల్లి వేయలేదు. ఎందుకని బస్సులో స్వరూప అడిగితే, "ఊకో బిడ్డా, సూస్తువుగని" అంది.

బోర్డు అధ్యక్షురాలు మనోరమ, ఆ ఆఫీసు సీనియర్ అసిస్టెంట్ ఐలేశ్‌ను పిలిచింది.

"వీళ్ల సీసా వచ్చిందా?"

"రాలేదు మేడం."

"నీ చేతికే ఇస్తి గదన్నా," అంది స్వరూప. "రసీదడిగితే, తొక్కుకు రసీదేందక్కా అని నవ్వితివి."

"మస్తుమంది వస్తరు మేడం. ఎవల్నని యాదుంచుకోవాలె?"

యుగేందర్ లేచాడు. "నా సీసా బీరువాల ఉన్నది మేడం. ఏసిన సీలు ఏసినట్టే ఉన్నది."

అంతలో భోజనాల వేళైంది. ఆ ఆఫీసులో విచారణ జరిగేదీ, సిబ్బంది అన్నం తినేదీ ఒకే గదిలో. మనోరమ ఫైళ్లు పక్కకు జరిపి తన డబ్బా విప్పింది. లచ్చమ్మ సీసా మూత తీసింది.

"ఇప్పుడు తెచ్చింది లెక్కలోకి రాదమ్మా," అంది మనోరమ.

"లెక్కలకు కాదమ్మా, అన్నంలకు."

మనోరమ వద్దంది. అప్పీలు చేసినవాళ్ల తిండి బోర్డు ముట్టకూడదు. ఐలేశ్‌కు ఆ నియమం లేదు. లచ్చమ్మ అడగకముందే పళ్లెం చాచాడు. కలుపుకొని రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్దకు ఆగాడు.

"ఏందవ్వా, ఈసారి ఎల్లిగడ్డ ఎయ్యలేదా? మొన్నటిదే నయం."

"మొన్నటిదేంది నాయినా?"

గదిలో నమిలే చప్పుడు ఆగింది.

మనోరమ చెయ్యి కడుక్కొని వచ్చి, విచారణ మళ్లీ మొదలైందని స్టెనోకు చెప్పింది.

"మొన్నటి సీసా ఏమైంది ఐలేశ్?"

"మూత జర లూజుగుండె మేడం. కరాబైతదని..."

"కరాబైతదని?"

"తిన్నం."

"ఎవరెవరు?"

ఐలేశ్ గది చుట్టూ చూశాడు. తలలన్నీ పళ్లేల్లోకి వంగాయి.

"మరి యుగేందర్‌గారి సీసా ఎందుకు తినలేదు?"

"అది శాంపిల్ గద మేడం."

యుగేందర్‌కు కోపమొచ్చింది. "తిని ఖతం జేసిన సీసాను ఎట్ల పరీక్ష చేస్తరు మేడం? అది లేనట్టే లెక్క."

మనోరమ టెండరు నిబంధన తీసి చదివింది. శాంపిల్‌ను ఆఫీసు సిబ్బంది రుచి చూసి, తినడానికి పనికొస్తుందో లేదో చెప్పాలి. అంతవరకే ఉంది. ఎంత తినాలో రాయలేదు.

"రుచి ఎట్లా ఉండింది? రికార్డుకు చెప్పు."

"మంచిగుండె మేడం," అన్నాడు ఐలేశ్ నేల చూస్తూ. "ఎవరికీ ఏం కాలే."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. తిరస్కరణ రద్దు. ధర తక్కువ కాబట్టి పని స్వరూప సంఘానికే. అబద్ధం చెప్పినందుకు ఐలేశ్‌కు మెమో. కారణాల కింద ఒక వాక్యం ఉంది: 'సమర్పించిన శాంపిల్‌ను సిబ్బంది పూర్తిగా పరీక్షించారు.'

స్వరూప చదివి వినిపించింది.

"పూర్తిగ అంటే ఏంది బిడ్డా?" అని లచ్చమ్మ అడిగింది.

"సీసా గూడ నాకిన్రని, అవ్వా."

బస్సు కోసం నిలబడి స్వరూప చిట్యాలకు ఫోన్ చేసింది. "పని మనకే వచ్చింది. రేపు పొద్దున అందరు రాన్రి, జాడీల మూతలు తీద్దాం."